మంచి ఏరియా అంటే ఎవరి ఏరియా?

'మంచి ఏరియాకు మారిపోయారట గదా! ముబారక్!'

2014 జూన్‌లో మేము శాలిబండ నుంచి తార్నాకకు ఇల్లు మారినప్పుడు పత్రికాఫీసులో మిత్రులన్న మాట ఇది. ప్రేమగానే అన్నారు. ఆ మాటలో ఒక ముల్లుందని అన్నవాళ్లకు తెలీదు. తార్నాక మంచి ఏరియా అయితే శాలిబండ ఏమిటి? మేము పుట్టిన గల్లీ, మా అబ్బా జనాజా లేచిన గల్లీ, పండగపూట షీర్ ఖుర్మా గిన్నెలు ఈ గడప నుంచి ఆ గడపకు తిరిగే గల్లీ చెడ్డ ఏరియా అన్నమాటే కదా! ఆ రోజు మేమేమీ అడగలేదు. షుక్రియా అని నవ్వి ఊరుకున్నాం. ఎందుకంటే లోలోపల మేమూ అదే నమ్మాం.

ఆ నవ్వు గురించే ఈ వ్యాసం. తప్పు ఎదుటివాళ్లదైనప్పుడు మేము చాలా రాశాం, రాస్తూనే ఉన్నాం. మా నవ్వులో ఉన్న తప్పు గురించి రాసింది తక్కువ.

ముందు సంగతి చెప్పాలి. మా అమ్మాయి అయిదో తరగతి దాకా మా మొహల్లా బడిలోనే చదివింది. రెండు గదుల ఇంట్లో నడిచే ప్రైవేటు బడి. టీచర్లు ఇంటర్ తప్పో పాసో అయిన మా గల్లీ ఆడపిల్లలే. పిల్లల్ని ప్రేమగా చూసేవాళ్లు. కానీ లెక్కల దగ్గరికొచ్చేసరికి వాళ్లకే తడబాటు. మా అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. తార్నాక వైపు ఒక హైస్కూలుంది, ఆరో తరగతిలోకి పరీక్ష పెట్టి ఏరి తీసుకుంటారు, అక్కడ చదివిన పిల్లలు ఎక్కడికైనా పోతారు అని తెలిసినవాళ్లు చెప్పారు. ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని చేర్చుకోవడానికి పరీక్ష పెట్టి వడపోయకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అందుకని ఆ బడివాళ్లు దాన్ని పరీక్ష అనలేదు, 'ఇంటరాక్షన్' అన్నారు. పిల్లను ఒక గదిలో, మమ్మల్ని ఒక గదిలో కూచోబెట్టారు. పిల్లకు లెక్కలిచ్చారు. మమ్మల్ని ఏం చదివారు, ఇంట్లో ఏం మాట్లాడతారు, ఎక్కడుంటారు అని అడిగారు. శాలిబండ అనగానే 'అంత దూరం నుంచా? రోజూ రాగలుగుతుందా?' అన్నారు. దూరం గురించే అడిగారో, మరి దేని గురించి అడిగారో మాకిప్పటికీ తెలీదు. 'ఇల్లు మారతాం సార్' అనేశాం. ఇంకా అమ్మీని అడగలేదు. అన్నతో చెప్పలేదు. ఒక ఇంటరాక్షన్ గదిలో రెండు తరాల ఇంటిని వదిలేశాం.

అమ్మీ ఒకే ప్రశ్న వేసింది. 'అప్నా ఘర్ ఛోడ్కే కిరాయే కే ఘర్ మే రైంగే క్యా?' సొంత గడప ఉండగా పరాయి గడపలో ఉంటారా అని. బిడ్డ చదువు కోసం అన్నాం. చదువన్నాక ఆమె నోరెత్తలేదు. ఆమెకు దక్కని చదువది.

ఇల్లు వెతకడం మొదలుపెట్టాక ఏం జరిగిందో మళ్లీ రాయనక్కర్లేదు. మా రచయితలు ఎప్పుడో రాశారు. ఫోన్లో ఖాళీగా ఉన్న ఇల్లు, పేరు చెప్పగానే నిండిపోవడం. గేటు దగ్గర గడ్డం చూసి 'మా వాళ్లొస్తున్నారు ఊరి నుంచి' అనడం. స్కైబాబ 'వెజిటేరియన్స్ ఓన్లీ' కథ చదివిన పాఠకుడికి ఆ గేట్లన్నీ పరిచయమే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' దీర్ఘకవిత వచ్చినప్పుడు, 1998లో 'జల్జలా' సంకలనం వచ్చినప్పుడు, 2004లో 'వతన్' కథలు వచ్చినప్పుడు తెలుగు సాహిత్యం మొదటిసారి మా గుమ్మం దాకా వచ్చింది. మమ్మల్ని పరాయివాళ్లని చేసిన చూపును ఆ రచనలు నిలదీశాయి. ఆ ధైర్యం మీద నిలబడే ఈ నాలుగు మాటలూ రాయగలుగుతున్నాం. కాబట్టి ఇకపై చెప్పేదాన్ని ఆ రచనలకు అభ్యంతరంగా ఎవరూ తీసుకోవద్దు. వాటి తర్వాతి పేజీ ఎందుకు ఖాళీగా ఉందన్నదే మా ప్రశ్న.

మా సాహిత్యంలో ఇల్లంటే రెండే. ఒకటి మాకు దొరకని ఇల్లు, రెండోది మేము పోగొట్టుకున్న ఇల్లు. ఉర్దూలో జీలానీ బానో 1976లో రాసిన 'ఐవాన్-ఎ-గజల్' నవలలో హైదరాబాదు హవేలీ ఒకటి కళ్లముందే కూలుతుంది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథల్లో' నెల్లూరు సీమ బాల్యం ఉంది. అక్కడ పేదరికముంది, పక్కింటివాళ్లున్నారు, బడి ఉంది, నవ్వుంది. ఆ కలగలుపు బతుకును అంత ఇష్టంగా తెలుగులో మరొకరు చెప్పలేదు. కానీ మేము మా కాళ్లతో, మా ఇష్టంతో, మా పిల్లల మార్కుల కోసం విడిచి వెళ్లిన ఇల్లు ఏ కథలో ఉంది? ఎవరూ తరమకుండానే వెళ్లిపోయిన ముస్లిం ఎక్కడున్నాడు? ఉన్నాడు. కథలు రాస్తున్నది, పత్రికల్లో పనిచేస్తున్నది వాడే. అందుకే కనిపించడు. కలం పట్టినవాడు తన నీడను తాను చూసుకోడు.

ఇల్లు ఎవరిచ్చారో కూడా చెప్పాలి. పద్దెనిమిది గేట్లు తిరిగాక పంతొమ్మిదో గేటు తీసిన పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మాల క్రైస్తవులు. మా పేరు విన్నారు, ఉద్యోగం అడిగారు, అద్దె చెప్పారు, తాళంచెవి ఇచ్చారు. మేమే ఆగలేక 'మా వాళ్లకు ఇక్కడ ఇల్లు దొరకడం కష్టంగా ఉంది సార్' అన్నాం. ఆయన నవ్వి 'భాయ్ సాబ్, నలభై ఏళ్ల కింద మాకెవరిచ్చారు? క్వార్టర్ వచ్చిందాకా స్టేషన్ పక్క గుడిసెలోనే ఉన్నాం' అన్నారు.

ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. సంతోషంతో కాదు, ఒక ప్రశ్నతో. ఈ పెద్దాయనే నలభై ఏళ్ల కింద మా గల్లీకి వచ్చి కిరాయికి ఇల్లడిగి ఉంటే మేమిచ్చేవాళ్లమా? మా తాత ఇచ్చేవాడా? అంతదాకా ఎందుకు? ఒక దూదేకుల కుటుంబం అడిగితే, ఒక ఫకీరు కుటుంబం అడిగితే, సయ్యదులమని చెప్పుకునే మా వీధిలో ఎన్ని తలుపులు తెరుచుకునేవి? 'ఖాందాన్ ఏది' అన్న ప్రశ్న మా గడపల్లో లేదా? వెజిటేరియన్స్ ఓన్లీ అన్న బోర్డు మీద కోపం మా హక్కు. 'షరీఫ్ లోగ్' అన్న కనబడని బోర్డు మీద కోపం కూడా మేమే తెచ్చుకోవాలి. మా కోసం దాన్ని ఇంకెవరూ తెచ్చుకోరు.

శాలిబండ ఎప్పుడూ ఇలా ఒక్క రంగులోనే లేదు. మా చిన్నప్పుడు మా వీధి మలుపులో కాయస్తుల ఇల్లుండేది, మార్వాడీ దుకాణముండేది, ఒక తెలుగు టీచరమ్మ ఉండేది. ఈ రోజు మేము తెలుగులో రాస్తున్నామంటే ఆ టీచరమ్మ చలవే. 1990 డిసెంబర్ మతకల్లోలాలప్పుడు మాకు పన్నెండేళ్లు. రోజుల తరబడి కర్ఫ్యూ. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో టీచరమ్మ ఇంటివాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. మూసీకి ఉత్తరాన కలగలుపు కాలనీల్లో ఉన్న మా బంధువులు అదే నెలలో మా గల్లీకి వచ్చిపడ్డారు. కొత్త ఇల్లు కాదు, భద్రత వెతుక్కున్నారు. అటు వాళ్లు అటు, ఇటు వాళ్లు ఇటు. అలా తయారైందే మీరంటున్న 'ముస్లిం ఏరియా'. అది మేము కోరి కట్టుకున్న కోట కాదు. భయంతో ముస్లింలు ఒకేచోట గూడుకట్టుకుంటున్నారని 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక కూడా రాసింది. తర్వాత 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది మావాళ్లే, ఆ వెంటనే పోలీసులు పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. కోర్టులు నిర్దోషులన్న తర్వాత కూడా ఆ అడ్రసు వాళ్లను వదల్లేదు. ఉద్యోగం దరఖాస్తులో మొహల్లా పేరు రాయడానికి చేయి వణికిన పిల్లల్ని మేమెరుగుదుం.

కాబట్టి ఇల్లు మారడం ఒట్టి చదువు కోసమేనా? అడ్రసు మార్చుకోవడం కోసం కూడా. పిల్ల సర్టిఫికెట్ మీద వేరే పిన్‌కోడ్ ఉండాలని కూడా. ఈ మాట మేము ఇంతవరకూ బయట ఎక్కడా అనలేదు.

ఇప్పుడు బడి సంగతి. ఏరి తీసుకునే బడి ఈ నగరానికి కొత్త కాదు. 1923లో ఏడో నిజాం కాలంలో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ పెట్టారు. అందులోకి వడపోత పుట్టుకతోనే జరిగేది. జాగీర్దారు కొడుకువైతే లోపల, కాకపోతే బయట. జాగీర్లు రద్దయ్యాక 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలైంది. అక్కణ్ణుంచి వడపోత రంగు మారింది. పుట్టుక పోయి ఫీజు వచ్చింది. పేదపిల్లలకు మేలైన చదువివ్వాలని 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టారు. 1986 నుంచి నవోదయ విద్యాలయాలొచ్చాయి. అక్కడ వడపోత పరీక్షతో. పల్లె పిల్లలకు కనీసం 75 శాతం సీట్లన్నారు. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఒక భాష రాష్ట్రం నుంచి మరో భాష రాష్ట్రానికి పంపి చదివిస్తారు. ఒక విషయం ఒప్పుకోవాలి. పరీక్షతో పాటు కలగలుపును కూడా నియమంగా పెట్టుకున్న చోట పల్లెటూరి పేదపిల్లలు నిజంగానే పైకొచ్చారు. ఆ నియమం లేకుండా పరీక్ష ఒక్కటే పెట్టుకున్న చోట ఏం జరుగుతుంది? ట్యూషన్ పెట్టించగలిగినవాడి పిల్ల, ఇంట్లో ఇంగ్లీషు పేపరున్నవాడి పిల్ల, ఇల్లు మారగలిగినవాడి పిల్ల నెగ్గుతుంది. మా పిల్ల నెగ్గింది. అమ్మానాన్నలు ఆర్ట్స్ డిగ్రీ చదివారు, ఇంట్లో రెండు భాషల పత్రికలున్నాయి. మా పాత బడిలో అదే బెంచీ మీద కూచున్న గాజుల దుకాణం వాళ్ల పిల్ల లెక్కల్లో మా పిల్లకేమీ తీసిపోదు. ఆ పిల్లకు ఇంటరాక్షన్ అనే మాటే చేరలేదు.

ఆ బడికి మేము వెళ్లింది చదువు కోసం, రెండోది 'మిక్స్‌డ్' వాతావరణం కోసం. పిల్ల అందరితో కలిసి పెరగాలి, గిరి గీసుకుని ఉండకూడదు అనుకున్నాం. తరగతిలో నలభైమంది. ముస్లింలు ఇద్దరు. దళిత పిల్లలు ఎందరో లెక్క తెలీదు, తెలిసేలా అక్కడెవరూ మాట్లాడరు. ఏటా ఆగస్టు 15కి జాతీయ సమైక్యత నాటిక. ఏటా మా అమ్మాయికి ఒకటే వేషం. తలకు దుపట్టా చుట్టి, చేయి నుదుటికి తాకించి 'ఆదాబ్' అనే వేషం. ఆరులో అదే, ఏడులో అదే, ఎనిమిదిలో అదే. తొమ్మిదిలోకి వచ్చాక 'టీచర్, నేను సైంటిస్టు వేషం వేస్తా' అని అడిగిందట. 'నువ్వు లేకపోతే ముస్లిం ఎవరు చేస్తారమ్మా?' అన్నారట. ఆ టీచరు చెడ్డమనిషి కాదు. మా అమ్మాయికి లెక్కల్లో అంత మంచి మార్కులు రావడానికి ఆమే కారణం. కానీ ఆ మాటతో మాకు విషయం అర్థమైంది. వైవిధ్యాన్ని వెతుక్కుంటూ మేము వెళ్లామనుకున్నాం. అక్కడికి వెళ్లాక మేమే వాళ్ల వైవిధ్యమయ్యాం. రంజాన్ నాడు డబ్బా నిండా సేవయ్యా, ఆగస్టులో ఒక ఆదాబ్. ముప్ఫైఎనిమిది మంది పిల్లలకు తాము విశాలహృదయులమని తెలియడానికి మా ఒక్క పిల్ల సరిపోయింది. మరి ఆమె విశాలత ఎవరికి తెలిసింది?

మూడేళ్లకు మా అబ్బాయి వంతొచ్చింది. అదే బడి, అదే ఇంటరాక్షన్. వాడు నెగ్గలేదు. అక్క చదివే బడి గేటు లోపలికి వాడు రాలేకపోయాడు. ఏరివేత అంటే ఏమిటో అప్పటిదాకా మేము గెలిచినవాళ్ల వైపు నుంచే చూశాం. ఆ సాయంత్రం అన్నం ముందు తలొంచుకు కూచున్న పదేళ్లవాణ్ణి చూశాక అవతలి వైపు కనిపించింది. తప్పు వాడిది కాదని చెప్పడానికి మా దగ్గర మాటల్లేవు. అక్క నెగ్గినప్పుడు అది ఆమె గొప్పతనమని మేమే ఊరంతా చెప్పుకున్నాం మరి.

వాణ్ణి ఇంటి వెనక సందులో ఉన్న బడిలో వేశాం. రేకుల కప్పు, ఇరుకు ఆవరణ, అందరికీ ప్రవేశం. ఫీజు అక్క బడి ఫీజులో అయిదోవంతు కూడా కాదు. అక్కడ వాడి పక్కన కూచున్నదెవరు? మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే వడ్డెర పిల్లలు, అడ్డగుట్ట ఆటోడ్రైవర్ల పిల్లలు, లాలాగూడ రైల్వే కళాసీల మనవలు, ఒడిశా నుంచి కూలికొచ్చిన వాళ్ల కొడుకు, ఇద్దరు ముగ్గురు ఖురేషీలు. వాడికి ఎవరూ ముస్లిం వేషం ఇవ్వలేదు. ఆ బడిలో నాటికలే లేవు. ఒకళ్ల టిఫిన్ ఒకళ్లు లాక్కు తినేవాళ్లు. మేము పద్దెనిమిది గేట్లు తిరిగి, అమ్మీని విడిచి, సగం జీతం అద్దెకు పోసి వెతుక్కుంటూ వచ్చిన కలగలుపు, మేము కాదనుకున్న బడిలో ఉంది.

మేము నేర్చుకున్నది ఇదే. వడపోసే బడి కలగలుపు బడి కాలేదు. వడపోతంటేనే ఒకేరకం వాళ్లను ఒకచోట చేర్చడం. అందులో నాలుగు పేర్లు వేరుగా ఉన్నంత మాత్రాన అది సమాజం కాదు. ఇక రేకుల బడిలో సమాజముంది గానీ లెక్కల టీచరు లేడు. తొమ్మిదో తరగతిలో ఏడాదిలో ముగ్గురు సైన్సు టీచర్లు మారారు. కలిసి బతకడం కావాలంటే చదువు వదులుకో, చదువు కావాలంటే నీవాళ్లను వదులుకో అని ఈ వ్యవస్థ మాకు చెబుతోంది. ఈ బేరంలో ముస్లిం రెండుసార్లు చెల్లించాలి. ఒకసారి అద్దె, ఒకసారి జబాన్.

జబాన్ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగియదు. ఆ మంచి బడిలో తెలుగు ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు సరేసరి. ఉర్దూ లేదు. 1918లో ఉర్దూ మాధ్యమంలో యూనివర్సిటీ పెట్టిన నగరమిది. ఆ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గోడలు మా అద్దె ఇంటికి నడిచిపోయేంత దూరం. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు. బోర్డుల మీద ఉర్దూ పెరిగింది, బళ్లలో పెరగలేదు. ఇంట్లో మా దక్కనీ 'హౌ', 'నక్కో' అంటూ నడుస్తూనే ఉంది. అయినా ఏడో తరగతికొచ్చేసరికి స్నేహితులు ఇంటికొస్తే మా అమ్మాయి 'అబ్బా, వాళ్ల ముందు నక్కో అనకండి' అనేది. తెలుగు మా రెండో భాష కాదు, అదీ మా భాషే. తెలుగులో రాసే అన్నం తింటున్నాం. దానితో మాకు పేచీ లేదు. ఒక భాష రావాలంటే ఇంకో భాష పోవాలన్న లెక్కతోనే పేచీ.

అమ్మీ మాతో రాలేదు. అన్న దగ్గరే శాలిబండలో ఉండిపోయింది. వారానికోసారి మేము వెళ్లేవాళ్లం, నెలలు గడిచేకొద్దీ రెండువారాలకోసారి అయింది. వెళ్లలేని వారం ఆమె అన్న కొడుకు చేతికి డబ్బా ఇచ్చి పంపేది. డబ్బాతో పాటు మనవరాలికి ఒక చీటీ. ఉర్దూలో నాలుగు వాక్యాలు. ఖట్టీ దాల్‌కి చింతపండు ఎంత వేయాలో, పరీక్షకు పోయేముందు ఏ దువా చదవాలో. మా అమ్మాయి ఖురాన్ అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ ఉర్దూ చీటీ చదవలేదు. మేము చదివి చెప్పేవాళ్లం. పని ఒత్తిడిలో కొన్ని చదవకుండానే డ్రాయర్లో వేశాం.

ఇన్ని చెప్పాక ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. మళ్లీ 2014 జూన్ వస్తే ఏం చేస్తాం? బహుశా మళ్లీ ఇల్లు మారతాం. ఆ చదువు మా అమ్మాయికి నిజంగా మేలు చేసింది. డిగ్రీలో ఆమె తీసుకున్నది లెక్కలే. పాతబస్తీ తల్లిదండ్రులకు 'మొహల్లా వదలొద్దు, తహజీబ్ కాపాడండి' అని తార్నాకలో కూచుని ఉపన్యాసమిచ్చే హక్కు మాకు లేదు. తహజీబ్ బరువంతా పేద ఆడపిల్లల తలమీద పెట్టి, తమ పిల్లల్ని మాత్రం ఇంగ్లీషు బళ్లకు పంపే పెద్దమనుషుల్ని మేము చాలామందిని చూశాం. మేము అంటున్నది వేరు. వెళ్లడం తప్పు కాదు. వెళ్లినవాడు వెనక్కి తిరిగి 'అది చెడ్డ ఏరియా' అని నవ్వడం తప్పు. వెళ్లగలగడం తన ప్రతిభ అనుకోవడం తప్పు.

1869లో డిప్టీ నజీర్ అహ్మద్ 'మిరాత్-ఉల్-ఉరూస్' నవల రాశాడు. షరీఫు ఇళ్ల ఆడపిల్లల్ని తీర్చిదిద్దడానికి రాసిన పుస్తకం. దాని హద్దులు దానికున్నాయి. ఇంటి పనుల్లో ఆరితేరిన ఆదర్శ స్త్రీని చూపించి మిగతా ఆడవాళ్లను బెదిరించిన పుస్తకం కూడా. కానీ అందులో అస్గరీ ఒక పని చేస్తుంది. తన ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెడుతుంది. నూటయాభై ఏళ్ల కిందటి ఆ ఇల్లాలు బడిని గల్లీలోకి తెచ్చుకుంది. మేము గల్లీని వదిలి బడికి పోయాం. మధ్యలో ఇన్ని సంస్కరణలు, ఇన్ని చట్టాలు, ఇన్ని కమిటీలు గడిచాక కూడా మేలైన బడి మా గల్లీకి రాలేదంటే అది ఎవరి వైఫల్యం?

బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేది 3 శాతమే అని సచార్ కమిటీ తేల్చింది. మిగతా పిల్లలు మామూలు బడి కోసమే ఎదురుచూస్తున్నారు, లేదా బడికే దూరమవుతున్నారు. 2001 లెక్కల్లో దేశ అక్షరాస్యత 65 శాతం దగ్గరుంటే ముస్లింలది 59.1 శాతం. 'వీళ్లు చదువుకోరు, మదర్సాలకు పంపుతారు' అన్న అబద్ధం మాత్రం ఇప్పటికీ చావలేదు. చదువు సంస్థల్లో, ఉద్యోగాల్లో, నివాసాల్లో ఎంత కలగలుపు ఉందో కొలిచి, దాన్నిబట్టి ప్రోత్సాహమివ్వాలని కూడా అదే కమిటీ చెప్పింది. ఎలా కొలవాలో చెప్పడానికి అమితాబ్ కుండూ అధ్యక్షతన నిపుణుల బృందం 2008లో నివేదిక ఇచ్చింది. కాగితం కాగితంగానే ఉంది. 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలొచ్చాయి. సంఖ్య 204కు చేరింది. వేలాది పేద ముస్లిం ఆడపిల్లలు వాటివల్ల చదువుతున్నారు, కాదనం. అయితే అక్కడా బిడ్డ ఇల్లు వదలాల్సిందే. ఇల్లు మారలేని పేదవాడు బిడ్డనే మారుస్తున్నాడు. మొహల్లాలో మొహల్లా పిల్లలందరికీ, హిందువులకూ ముస్లింలకూ దళితులకూ, పరీక్ష లేకుండా, మంచి లెక్కల టీచరుతో, ఉర్దూ తెలుగు రెండూ నేర్పే సర్కారు బడి. ఇది అంత పెద్ద కోరికా?

రచయిత మిత్రులకు చివరి మాట. గేటు దగ్గర మమ్మల్ని ఆపినవాడి కథ మేము రాశాం. ఇంకా రాయాలి, ఆ గేట్లింకా మూసే ఉన్నాయి. గేటు దాటినవాడి కథ కూడా రాద్దాం. లోపలికి వెళ్లాక వాడు ఏం దాచుకున్నాడో, ఎవర్ని మరిచిపోయాడో, ఎవర్ని చూసి నవ్వాడో రాద్దాం. కూలిన హవేలీ మీద ఉర్దూలో కన్నీళ్లు చాలానే కారాయి. తాళం వేసి వచ్చిన రెండు గదుల మీద తెలుగులో ఒక నిజమైన కథ రావాలి. ఆ కథలో విలన్ ఎదుటివాడే కానక్కర్లేదు.

అమ్మీ 2021లో పోయింది. ఆమె ట్రంకు పెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. వంటలు, దువాలు, ఎవరెవరికి ఎంత బాకీ, మనవరాలి మార్కులు, అన్నీ ఒకేచోట. ఇరవైరెండేళ్ల మా అమ్మాయి ఇప్పుడు చార్‌మినార్ దగ్గర ఉర్దూ ఖాయిదా కొనుక్కొచ్చి అలిఫ్ బే నుంచి మొదలుపెట్టింది. రాత్రిళ్లు నోటుబుక్కు ముందేసుకుని కూచుంటుంది. తెలియని చోట వేలు పెట్టి అడుగుతుంది. డ్రాయర్లో చదవకుండా వదిలేసిన చీటీలు మాత్రం ఇల్లంతా వెతికినా దొరకలేదు. వాటిలో ఏముందో ఏ మంచి ఏరియా మాకు చెప్పగలదు?